తాళంచెవి గుహలోకి పోయింది

జీపు ఎర్రమల అడవిలో పోగలిగినంత దూరం పోయి, గవ్వలకొండ గుహ ముందు ఆగింది. వకుళ తండ్రి సర్వే ఉద్యోగంలో ఉండగా గీసిన పటం ఓబుళరెడ్డి చేతిలో రెపరెపలాడుతోంది. ఒకప్పటి పాలెగాడు రాగిపెట్టె దాచాడన్న చోట ఎర్రసిరా చుక్క. పటం వకుళదే అయినా లోపలికి పోయేది బావగారు ఓబుళరెడ్డీ, భర్త నరహరీ. జీపులో కూర్చుని రేడియో వినడం వకుళ వంతు.

"ఆడమనిషికి గుహలెందుకమ్మా? నీ చదువంతా ఆ డబ్బాలోనే ఉంది గదా, దాన్ని చూసుకో," అని నవ్వి ఓబుళరెడ్డి లోపలికి దూరాడు. నరహరి తాడు భుజాన వేసుకుని అన్న వెనకే నడిచాడు.

ఆ డబ్బా సీబీ రేడియో, ఫోనులా రెండువైపులా మాట్లాడుకునే సెట్టు. దాని జోడు ఎనిమిది కిలోమీటర్ల ఎగువన, రాళ్లచెరువు ఊళ్లో, అత్త సుంకమ్మ ముందుంది. రెండింటికీ కరెంటు ఏర్పాటు చేసింది వకుళే. ఇంటి సెట్టుకు గోడ కరెంటును పన్నెండు వోల్టులకు దించే పెట్టె అమర్చింది. కరెంటు పోతే పనికొస్తుందని పాత ట్రాక్టరు బ్యాటరీ పక్కన పెట్టి, ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి అంటూ అత్త చేత పదిసార్లు తగిలింపజేసింది. మాట ముగిశాక 'ఓవర్' అనాలనీ నేర్పింది. జీపు సెట్టుకు బ్యాటరీ నుంచే నేరుగా తీగ లాగి, మొదట్లోనే ఫ్యూజు కట్టింది. బండి ఆగి ఉన్నా మాట వినపడి తీరాలి. ఎందుకంటే గుహ అడుగున పారే వంక ఆ ఊరి చెరువు నుంచే వస్తుంది. నాలుగు రోజుల వానలకు చెరువు అంచుదాకా నిండి ఉంది. కట్టకేదైనా అయితే లోపలున్నవాళ్ల ప్రాణాలకు ఈ సెట్టే దిక్కు.

వాళ్లు లోపలికి పోగానే, పదకొండు గంటలకు, మీట తిప్పింది. దీపం వెలగలేదు. వంగి చూస్తే తను లాగిన తీగ లేదు. సిగరెట్ లైటర్ రంధ్రంలో కొత్త ప్లగ్గు గుచ్చి ఉంది. బండికి తాళం తిప్పితే తప్ప అక్కడికి కరెంటు రాదు. తాళంచెవి ఓబుళరెడ్డి జేబులో, ఆయన గుహలో.

"మరిచి వదిలేస్తే బ్యాటరీ అయిపోదా?" అని నిన్న అడిగాడాయన. "వినడానికి పెద్ద కరెంటు ఎందుకు బావగారూ, చిన్న బల్బుకైనంత చాలు," అంది. ఆయన తలూపాడు. తలూపి, తను అనుకున్నదే చేశాడన్నమాట.

సీటు కింద వెతికితే ఆమె తీగ ఫ్యూజుతో సహా చుట్టచుట్టి దొరికింది. పొదలు నరకడానికి తెచ్చిన కొడవలి అందుకుంది. ప్లగ్గు తీగలు రెండూ నలుపే! తిరగేసి కలిపితే సెట్టు కాలిపోతుంది. సెట్టు వెనకదాకా తడిమి చూస్తే అక్కడ బెత్తెడు పొడవున ఎరుపూ నలుపూ తీగలు బయటపడ్డాయి. అక్కడే తెంపి, తొడుగు పళ్లతో చీల్చింది. పెదవి తెగింది. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు మెలేసి, బానెట్ ఎత్తి రెండో కొసలు బ్యాటరీకి బిగించింది. దీపం వెలిగింది.

"...వకుళా! ఎక్కడుండావే! కట్ట తెగిందే! నీళ్లు వంకలో పడినాయి! ఈడ కరెంటు గూడా పోయింది, ట్రాక్టరు బ్యాటరీ మీద అరుస్తాండా! వాళ్లను బయటికి లాగు, ఓవరు!"

అత్త గొంతు బొంగురుపోయి ఉంది. ఎంతసేపటి నుంచి అరుస్తోందో!

వకుళ టార్చీ, కొడవలి పట్టుకుని గుహలోకి ఉరికింది. ఇరుకు దారిలో మోచేతులు గీసుకుపోయాయి. లోపల గొయ్యి అంచున అన్నదమ్ములు రాగిపెట్టెకు తాడు కట్టి లాగుతున్నారు. నరహరి తాడును నడుముకు చుట్టుకున్నాడు.

"చెరువు తెగింది! వదిలేసి రండి!"

"ఒక్క పది నిమిషాలమ్మా!" అన్నాడు ఓబుళరెడ్డి.

మాట ముగియలేదు, లోపలి చీకట్లోంచి చల్లని గాలి ముఖాన కొట్టింది. దాని వెనకే హోరు. నీళ్లు మోకాళ్లకు, నడుముకు వచ్చాయి. పెట్టె జారి నరహరిని గొయ్యిలోకి లాగుతోంది. వకుళ కొడవలితో తాడు మీద ఒక్క వేటు వేసింది. పెట్టె మునిగింది. భర్త చొక్కా పట్టుకుని ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ వెలుతురులోకి వచ్చి పడింది. ముందే బయటికి దూకిన ఓబుళరెడ్డి రాతి మీద కూలబడి ఉన్నాడు.

"పది నిమిషాలు ముందు చెప్పింటే పెట్టె గూడా వచ్చేది గదా!" అన్నాడు రొప్పుతూ. "ఇంతసేపూ ఏం చేస్తాంటివమ్మా?"

వకుళ భర్త వైపు తిరిగింది.

"తీగ మార్చిన సంగతి మీకు తెలుసా?"

నరహరి చొక్కా పిండుకుంటూ నేల చూశాడు. "అన్న మార్చినాడు. పొద్దున్నే గొడవ ఎందుకని... చెప్పలేదు."

ఆమె జీపు దగ్గరికి నడిచి మైకు అందుకుంది. "అత్తా, మీ కొడుకులిద్దరూ బయటే ఉన్నారు. పెట్టె పోయింది. ఓవర్."

బరబర శబ్దం మధ్య అత్త గొంతు వచ్చింది.

"పెట్టె మొగం నేనేమన్నా జూసినానా? నీకేం దెబ్బలు తగల్లేదు గదా? నువ్వు బాగుండావా? ఓవరు."

పెదవి మీద రక్తం ఉప్పగా తగిలింది.

"ఇంక ఆపు ఆ డబ్బాను," అన్నాడు ఓబుళరెడ్డి వెనకనుంచి. "బ్యాటరీ అయిపోతే అడవిలోనే ఉండాల."

వకుళ ఆపలేదు.

"వకుళా... ఇనపడుతాందా? ఓవరు."

"వినపడుతోందత్తా," అంది. మైకు దించకుండానే రెండో చెయ్యి బావగారి ముందుకు చాచింది.

"తాళంచెవి ఇవ్వండి. ఇక అది నా దగ్గరే ఉంటుంది."