చూడటానికి మాత్రమే

మే నెల మధ్యాహ్నాల్లో కోదాడ మొత్తంలో వణుకు పుట్టే చోటు మా సర్వర్ గది ఒక్కటే. బయట హైవే మీద తారు మెత్తబడుతుంటే, ఆ గది అద్దం గోడకు ఇవతల నా బల్ల దగ్గర నేను శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. ఆ గదికి కిటికీలు లేవు. ఫ్యాన్ల హోరు తప్ప వేరే చప్పుడు ఉండదు. మిర్యాలగూడ దవాఖాన రిపోర్టులు, సూర్యాపేట కాలేజీల మార్కులు అన్నీ అక్కడి కంప్యూటర్లలోనే భద్రంగా ఉంటాయి. అలా అని అందరికీ చెప్పేవాళ్లం.

ఆ కంప్యూటర్లను, గది తలుపును, ఏసీని, మంటలార్పే గ్యాసును ఒకే తెర మీంచి నడిపే సాఫ్ట్‌వేర్ మా దగ్గర ఉంది. మా యజమాని వెంకటేశం సారుకు అదంటే ఎంత మురిపెమంటే, సూర్యాపేటలో కట్టుకున్న కొత్త ఇంటి తలుపులను కూడా దానికే తగిలించాడు.

దాంట్లో కంత ఉందని కనిపెట్టింది స్వరూప. పాలకీడు దగ్గరి తండా పిల్ల, నా పక్క సీటు.

"అక్కా, ఇది గేటు కాడ పాస్‌వర్డ్ అడుగుతది. లోపలికొచ్చినంక నువ్వెవరు, ఏ గదికి పోవచ్చు అని అడగనే అడగదు. ఉత్తగ సూసెటోడు గూడ ఓనర్ మీట నొక్కొచ్చు," అంది.

సారుకూ చెప్పింది. బాగుచేయాలంటే పని మొత్తం ఆపాలి, కొత్త కాంట్రాక్టు చేతికొచ్చేదాకా నోరు మూసుకోమన్నాడాయన.

ఆ కంతలోంచే ఎవడో దూరి మిర్యాలగూడ దవాఖాన రిపోర్టులన్నీ తుడిచేశాడు. సారు పోలీసులకు స్వరూప పేరు చెప్పాడు. ఆమె అనుమతులన్నీ పీకేసి, తెర మీద ఆమె పేరు పక్కన 'చూడటానికి మాత్రమే' అని పెట్టాడు. కంతను మాత్రం పూడ్చలేదు. నిజం చెప్పుకుందామని స్కూటీ మీద దవాఖానకు బయల్దేరిన పిల్ల, హుజూర్‌నగర్ దాటాక సిమెంటు లారీ కింద పడింది. తండాకు తెచ్చినప్పుడు ఆమె కనురెప్పల మీద కూడా సిమెంటు పొడి ఉంది. ఆ రోజు నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

లోకం కోసం సారు కూడా వచ్చాడు. స్వరూప తల్లి గౌరీబాయి ఆయన ముందు నేల మీద కూర్చుంది. "నా బిడ్డ దొంగ కాదని పోలీసోళ్లకు ఒక్క మాట చెప్పు సారూ," అని అడిగింది.

"సూద్దాం," అన్నాడు. లేచి, చెప్పులేసుకుంటూ అలవాటుగా అనేశాడు. "పోయొస్తనమ్మా."

వాకిట్లో ఉన్నవాళ్లంతా ఆయన వైపు తిరిగారు. చావింటి నుంచి ఎవరైనా చెప్పకుండా లేచిపోవాలి. పోయొస్తానంటే చావును వెంట పిలిచినట్టని చిన్నపిల్లలకు కూడా తెలుసు. గౌరీబాయి తలెత్తి ఆయన్ను చూసింది.

"నువ్వెందుకొస్తవ్ సారూ... అదే వస్తది," అంది.

దినాలయిన మరునాటి మధ్యాహ్నం సారు ఏదో కేబుల్ చూడటానికి సర్వర్ గదిలోకి వెళ్లాడు. వెనకే తలుపు టక్కుమని పడింది. నా తెర మీద ఒక పేరు వెలిగింది.

స్వరూప. చూడటానికి మాత్రమే. లోపల ఉన్నారు.

ఏసీ ఆగింది. తర్వాత ఫ్యాన్లు... ఒకదాని వెంట ఒకటి. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. తలుపు సందులోంచి పొడి సిమెంటు వాసన వచ్చింది.

"కరుణా... తలుపు తియ్యి," అంటూ సారు లోపలి నుంచి అద్దం కొట్టాడు.

తెరిచే మీట నొక్కాను. తలుపు కదిలింది, మళ్లీ బిగుసుకుంది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. గ్యాసు హెచ్చరిక దీపం ఎర్రగా వెలిగింది. ఆ గ్యాసు మంటకు ఊపిరాడకుండా చేస్తుంది. మనిషికైనా అంతే.

అద్దం మీద ఎవరిదో ఊపిరి తగిలి, బూడిద రంగు పొడి అంటుకుంటోంది... సారు ఊపిరి కాదు. ఆయన గడ్డం కంటే కిందుగా... సరిగ్గా స్వరూప ఎత్తులో.

"ఏం గావాల్నట?" అని సారు గుసగుసగా అడిగాడు. వెనక్కి తిరగలేదు.

"మీకు తెల్వదా సార్?"

ఫోను రికార్డింగులో పెట్టి తలుపు సందుకు ఆనించాను. ఆయన అన్నీ చెప్పాడు. కంత ఉన్న సంగతి, ఆమె ముందే చెప్పిన సంగతి, ఆమె దొంగ కాదన్న సంగతి. నాకు లోపల చల్లగా అయింది, అబద్ధమెందుకు.

దీపం ఆరింది. తలుపు తెరుచుకుంది.

బయటికొచ్చి నీళ్లు తాగేసరికి సారు మొహంలోకి మళ్లీ రంగు వచ్చింది. నా చేతిలోని ఫోను లాక్కుని రికార్డింగు తుడిచేశాడు. "మెషిన్ ఖరాబైంది, గంతే. ఎవరికన్న చెప్తే ఈసారి నీ పేరు చెప్త," అన్నాడు. కారు తాళాలు తీసుకుని, గుమ్మం దాటుతూ మళ్లీ అన్నాడు.

"పోయొస్త."

నేను తెర ముందే కూర్చున్నాను. కొంతసేపటికి దాంట్లో సారు సూర్యాపేట ఇంటి దగ్గర కదలిక కనిపించింది. గేటు తెరుచుకుంది, మూసుకుంది. ముందు తలుపు. మెట్ల మీద లైటు. పడకగది తలుపు... దాన్ని ఎవరో లోపలి నుంచి దగ్గరికి వేశారు.

సారుకు ఫోను చేశాను. "ఇల్లు చేరిన్రా సార్?"

"ఏడ? ఇంకా మునగాల గూడ దాటలే. ఏమైంది?"

"ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు. మావోళ్లు పెండ్లికి పోయిన్రు."

"పోకుండ్రి సార్... వాపస్ రండ్రి."

"నీకేమన్న పిచ్చా?" అని ఫోను పెట్టేశాడు.

ఆయన మీద నాకు జాలి లేదు. అయినా మనిషి ప్రాణం. కనీసం ఆ తలుపులన్నీ తెరిచి ఉంచుదామని మీట నొక్కాను. నా వేలి కింద అది పొడి పడ్డట్టు గరుకుగా తగిలింది. ఇన్నేళ్లలో లోపలికొచ్చాక ఎవరినీ ఏమీ అడగని సాఫ్ట్‌వేర్ అది.

'ఈ పనికి మీకు అనుమతి లేదు.'

మళ్లీ నొక్కాను. అదే మాట. పేర్లున్న చోటుకు వెళ్లి చూశాను. స్వరూప పేరు పక్కన ఇప్పుడు ఏమీ లేదు.

'చూడటానికి మాత్రమే' అన్నది నా పేరు పక్కన ఉంది. అరగంట తర్వాత తెర మీద సారు ఇంటి గేటు మళ్లీ తెరుచుకుంది.