అడుక్కి దిగని ఈస్ట్

ఫ్రీజర్ గది ఇన్‌చార్జి సోమవారం పొద్దున మెట్ల మీంచి పడి చనిపోయాడు. ఆ మెట్లు నాలుగే.

"నాలుగు మెట్లకే మనిషి చస్తాడా?" అన్నాడు చీఫ్, ఫైలు బల్ల మీదికి తోస్తూ.

"ఎవరైనా తోస్తే చస్తాడు," అన్నాడు తొండ. వేషాలు మార్చడంలో ఆ ఏజెంటును మించినవాడు లేడు. ఊసరవెల్లి అని పిలిచేంత గౌరవం మాత్రం ఆఫీసులో ఎవరూ ఇవ్వలేదు.

బ్రీఫింగ్ రెండే నిమిషాలు. అదొక వ్యాక్సిన్ ఫ్యాక్టరీ. ఫ్రీజర్లో మిగిలింది ఒకే ఒక్క సీసా, అందులో ఎండబెట్టి పొడి చేసిన ప్రత్యేకమైన ఈస్ట్. పసిపిల్లల ప్రాణాలు తీసే జ్వరానికి మందు ఆ ఈస్ట్ కణాల గోడ మీద ప్రొటీన్‌గా తయారవుతుంది. బుధవారం పదకొండింటికి సీసాని పెద్ద ట్యాంకులో కలపాలి. దాని మీద ఒక విదేశీ ముఠా కన్నుపడింది.

"లోపల మన మనిషి ఉంది. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. మూడేళ్లుగా ముఠాలో ఉంటూ మనకి కబుర్లు అందిస్తోంది. నమ్మొచ్చు."

"ఎంతవరకు?"

చీఫ్ ఫైలు మూసేశాడు.

బుధవారం పదిన్నర. ఏసీ మెకానిక్ వేషం, భుజాన గ్యాస్ సిలిండర్. కారిడార్లో ఎర్ర కళ్లజోడు పెట్టుకున్న అందగత్తె ఎదురైంది.

"చల్లగాలి తగ్గిందట," అన్నాడు తొండ.

"తగ్గలేదు, అలిగింది." కోడ్ సరిపోయింది, ఈమే ఆ ఇన్‌స్పెక్టర్. ఆమె గొంతు తగ్గించింది. "దొంగ పెద్ద సైంటిస్టే. చనిపోయినవాడి సొంత అక్క. సీసా మార్చేసింది. తమ్ముడు చూశాడని తోసేసింది. మీరు ఆవిణ్ణి పట్టుకోండి, నేను బయటికెళ్లి చీఫ్‌కి చెప్తా."

ట్యాంకు గదిలో పెద్ద సైంటిస్టు ఒక్కతే ఉంది. కళ్లు వాచిపోయాయి. తెల్లకోటు గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

"తమ్ముడు పోయి రెండ్రోజులే. అప్పుడే డ్యూటీకొచ్చేశారా?"

"పదేళ్లు వాడు కాపలా కాసిన సీసా నాయనా. ఇంకెవరి చేతికిస్తాను?"

"అది అసలుదేనా?"

"ఏసీ బాగుచేసేవాడివి, నీకెందుకు?"

తొండ కార్డు చూపించాడు. ఆవిడ ముఖం పాలిపోయింది.

"అనుమానమైతే ఇప్పుడే చూద్దాం. మా ఈస్ట్ గోడల మీద జిగురులాంటి ప్రొటీన్ ఇంకోటి ఉంటుంది. కుళాయి నీళ్లలో కాల్షియం తగిలిందా, కణాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలై అడుక్కి దిగుతాయి. ఐదు నిమిషాలు చాలు."

సీసాలోంచి చిటికెడు పొడి, కుళాయి నీళ్లున్న గాజు గొట్టంలో పడింది. ఐదు నిమిషాలు గడిచాయి. నీళ్లు పాలలా తెల్లగా అలాగే ఉన్నాయి.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. "ఇది మాది కాదు."

నటనా? తొండ ఆవిడ కళ్లలోకి చూశాడు. దొంగ తన మెడకి తనే పరీక్ష తగిలించుకుంటుందా? మరుక్షణం అతనికి ఒకటి తట్టింది. ఏ పరీక్షా చెయ్యకుండానే సీసా మారిందని, అది తమ్ముడు చూశాడని ఆ ఎర్ర కళ్లజోడుకెలా తెలిసింది?

పరుగు.

ప్రధాన ద్వారం దగ్గర గార్డు ఆమె బ్యాగు వెతికి వదిలేశాడు. బయట కారు ఇంజన్ ఆన్‌లో ఉంది. ఆమె చేతిలో ఫేస్ పౌడర్ డబ్బీ. మూత తీసి చెంపలద్దుకుంటున్నట్టు నటిస్తోంది గానీ, పఫ్ పౌడర్‌ని తాకడం లేదు. దగ్గరికొచ్చేసరికి పులిసిన పిండి వాసన.

"పౌడర్ మారినట్టుందే మేడం!"

ఆమె రెండో చేతిలో పెన్ను తళుక్కుమంది. పెన్ను కాదు, పిస్తోలు. తొండ సిలిండర్ మర తిప్పాడు. గడ్డకట్టించే గ్యాస్ ఆమె వేళ్ల మీద బుస్సుమంది. పిస్తోలు జారింది. ఆమె కసిగా డబ్బీ మూత నొక్కి, పక్కనున్న ఫినాయిల్ బకెట్ మీదికి విసిరింది. తొండ నేల మీద పడుతూ, బకెట్ అంచుకి జానెడు పైన దాన్ని అందుకున్నాడు.

ట్యాంకు గదిలో ఆ పొడి చిటికెడు గాజు గొట్టంలోని కుళాయి నీళ్లలో వేస్తే, నిమిషాల్లోనే ముద్దలు ముద్దలుగా అడుక్కి దిగింది. ట్యాంకు పని మర్నాటికి మార్చారు. అక్క గొట్టాన్ని గుండెకి హత్తుకుని, రెండ్రోజుల్లో మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

తొండ మెల్లగా అడిగాడు. "ఇందులో ఎన్ని కణాలుంటాయమ్మా?"

"కోట్లలో."

"అన్నీ ఒకదాన్నొకటి విడవకుండా పట్టుకున్నాయా?"

"ఊఁ."

"అదృష్టవంతులు. మా డిపార్ట్‌మెంటులో ముగ్గురం కూడా అలా ఉండలేకపోయాం."