కౌలుకిచ్చిన కాల్పుల మైదానం

వేడుకలకు దీపాలు కట్టడం నాకూ మా తమ్ముడికీ బతుకుతెరువు. ఆ సాయంత్రం పని సిపాయిల కాల్పుల మైదానంలో పడింది. దాన్నొక వినోదాల కంపెనీకి కౌలుకిచ్చేశారు. సర్కారు భూమి అంటే జనం సొత్తు. కాపలా కాయమని సైన్యం చేతికిచ్చారు గానీ, అద్దెలు దండుకోమని కాదు.

మైదానం చివర మట్టికట్ట, దాని ముందు పొడవాటి గొయ్యి. అందులో దాక్కుని సిపాయిలు గురిబొమ్మలను పైకెత్తేవారట. కాల్పులు ఆగాయనుకుని పైకొచ్చిన ఒక సిపాయి అక్కడే కూలిపోయాడు. అతని పేరు చెక్కిన రాయిని పెరికి, మందు కౌంటరుకు మెట్టు చేశారు!

“చచ్చినవాడి పేరు మీద చెప్పులేసుకుని ఎక్కుతారా?” అని మేనేజరును నిలదీశాను.

“పెద్దాయనా, కౌలు కాగితంలో దెయ్యాలకు వాటా రాయలేదు,” అని పళ్ళికిలించాడు. “నువ్వు దీపాలు చూసుకో.”



పొద్దు వాలింది. తీగ లాగడానికి తమ్ముడు గోతిలోకి దిగాడు. గాలి స్తంభించింది. తడిమట్టి వాసనలో ఉడికించిన మైదా జిగురు వాసన కలిసింది.

“అన్నా...” గోతిలోంచి గుసగుస. “ఇక్కడెవరో ఉన్నారు.”

“ఎవర్రా?”

“కనబడట్లేదు... తల దించుకోమంటున్నాడు.”

“పైకి రారా!”

“వద్దంటున్నాడన్నా. కాల్పులింకా ఆగలేదంట...”

“రమ్మంటుంటే!” అని అరిచాను.

నా మాట కాదనలేక వాడు పైకి ఎగబాకాడు.

ఠాప్!

ఒక్కటే చప్పుడు. తుపాకీ లేదు. మనిషీ లేడు. వాడు వెనక్కి పడిపోయాడు. నేను గోతిలోకి దూకేసరికి లేచి కూర్చుని ఉన్నాడు. నవ్వుతున్నాడు.

“ఏం కాలేదన్నా.”

ఇంటికొచ్చి చొక్కా విప్పించాను. వెన్ను మధ్య చదరపు కాగితం ముక్క. జిగురు ఇంకా తడిగానే ఉంది. పీకబోతే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దన్నా... గాలి లోపలికి పోతుంది.”

తూటా దిగిన గురిబొమ్మ చిల్లు మీద అలాగే కాగితం అంటిస్తారు. అంటించి, మళ్ళీ పైకెత్తుతారు.

తెల్లవారగానే మేనేజరు ఫోన్ చేశాడు.

“ఏంటయ్యా ఈ వేషాలు? నీ తమ్ముడు గోతిలోంచి సగం పైకొచ్చి, కొయ్యలా నిలబడ్డాడు. పిలిస్తే పలకడు. వచ్చి తీసుకుపో!”

తమ్ముడు నా పక్కనే బోర్లా పడుకుని ఉన్నాడు.