మెడ వెనక ముడతలు

డిటెక్టివ్ కమలాకుమారి ఎదుట కృపాజ్యోతి కుర్చీలో కూర్చోకుండానే అంది. "శనివారం ఆవిష్కరణ మేడమ్. నన్ను దొంగ అంటున్నారు."

నందిగామలో ఆమె శిల్పి. తన తండ్రి, కీర్తిశేషుడు శాంతయ్య మాస్టారు పాఠాలు చెప్పిన బడి కోసం ఆయన ప్రతిమను మట్టితో చేస్తోంది. ఇంతలో జగ్గయ్యపేటలో డిజిటల్ స్టూడియో నడిపే క్రాంతికుమార్ అదే రూపాన్ని కంప్యూటర్‌లో చూపించి, తన మోడల్‌నే ఆమె కాపీ కొట్టిందని బడి కమిటీకి చెప్పాడు. కమిటీ నమ్మితే విగ్రహం అతని పేరున నిలుస్తుంది. తండ్రి బడిలో ఆమెకు దొంగ అన్న మాట మిగులుతుంది.

కమలాకుమారి, సహాయకురాలు యామినిని వెంటబెట్టుకుని కృపాజ్యోతి షెడ్డుకు వెళ్ళింది. మట్టి పగలకుండా ప్రతిమ మీద తడి పంచె కప్పి ఉంది. ఒక చోట చిరుగును కలుపుతూ నక్షత్రంలా దట్టమైన రఫూ.

"నాన్న పంచె అండి. అమ్మ కుట్టింది."

మొదట్లో గోనెపట్టా కప్పేదట. అది మట్టిని గీరుతోందని పంచెకు మారింది. గోనెపట్టా ఉన్నప్పుడు కమిటీ అధ్యక్షుడు ప్రేమదాసు వచ్చాడు. పంచె కప్పిన మర్నాడు కార్యదర్శి డేవిడ్‌రాజు వచ్చాడు. ఇద్దరూ కప్పిన గుడ్డ తీయించి, ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. ఆ తర్వాతే ఆమె పంచె నొక్కుకున్న చోట్లన్నీ నునుపు చేసి, అప్పటినుంచి దాన్ని వదులుగా కప్పుతోంది.

జగ్గయ్యపేటలో క్రాంతికుమార్ ధీమాగా మాట్లాడాడు. పాత ఫొటోలు చూసి మౌస్‌తోనే మలిచానని, ఆ షెడ్డు గడప కూడా తొక్కలేదని అన్నాడు. కమలాకుమారి మోడల్‌ని తిప్పించి, మెడ వెనక ఆపించింది.

"ఇవేంటి బాబూ?"

"ముడతలండి. పెద్దాయన కదా."

"ఎంత శ్రద్ధగా చేశావయ్యా," అందామె. యామినికీ అవి ముడతల్లాగే కనిపించాయి.

మర్నాడు అందరూ షెడ్డులో చేరారు. కమలాకుమారి పచ్చిమట్టి ముద్ద మీద పంచెలోని రఫూను ఒత్తి తీసి, క్రాంతికుమార్ ల్యాప్‌టాప్ పక్కన పెట్టింది. ముద్ద మీద నక్షత్రం. తెర మీద, మాస్టారి మెడ వెనక, అదే నక్షత్రం.

"ఫోన్‌తో చుట్టూ తిరిగి ఫొటోలు తీస్తే కంప్యూటర్ వాటిని కలిపి రూపం కడుతుంది. మనిషి మెడా, గుడ్డ అచ్చూ దానికొకటే," అంది కమలాకుమారి. "ఫొటోలు చూసి మలిచిన మోడల్లోకి ఈ కుట్టు రాదు. ప్రేమదాసుగారు వచ్చినప్పుడు పంచె లేదు. నునుపు చేశాక అచ్చు లేదు. ఆ మధ్యలో వచ్చింది మీరొక్కరే డేవిడ్‌రాజుగారూ."

క్రాంతికుమార్ డేవిడ్‌రాజు వైపు తిరిగాడు. "వద్దని చెప్పాను మావయ్యా. విన్నావా?"

మేనల్లుడికి పేరు రావాలని చేశానని డేవిడ్‌రాజు గొణిగాడు. ప్రేమదాసు కృపాజ్యోతి వైపు తిరిగి, శనివారం నీ విగ్రహమే అమ్మా, అని తలదించుకున్నాడు.

అందరూ వెళ్ళాక కృపాజ్యోతి పంచెను మళ్ళీ తడిపింది. రఫూ ఉన్న చోటును తండ్రి మెడ వెనక ఆనించి, అరచేత్తో గట్టిగా ఒత్తింది. ఈసారి ఆ గుర్తును నునుపు చేయలేదు.