కమానుకు పట్టిన నూనె

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నర్సింహులు ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అతను మరాఠీ నేలకు వలస వచ్చి కనేరిలో సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నడుపుతాడు. పద్నాలుగేళ్ల కూతురు మల్లిక వయొలిన్ పెట్టె భుజానికి తగిలించుకుంది. వయొలిన్ అక్కడి తెలుగువాళ్ల సంఘం, సమాజ్ వాళ్లది. 1997లో సమాజ్ హాలులో పిల్లల ఆర్కెస్ట్రా మొదలైనప్పుడు, ఇంట్లో నేర్చుకోవడానికి ఇచ్చారు. ఇప్పటికి రెండేళ్లు. ఆ సాయంత్రం వార్షికోత్సవం. మొదటి పాట మల్లిక ఒక్కతే ఎత్తుకోవాలి. రిహార్సల్‌కు తల్లిదండ్రుల్ని కూడా రమ్మన్నాడు వయొలిన్ నేర్పే దత్తాత్రి సార్.

"ఇస్త్రీ చేసినవా బాపూ? నన్ను కాదు, అందరు నిన్నే చూస్తరు."

"చూడనియ్. ఎవరి బిడ్డ అని అడిగితె చెప్పద్దా?"

"చెప్పు గని జర మెల్లగ చెప్పు," అంది అతని భార్య ఆగమ్మ లోపలినుంచి. "అది కార్ఖానా కాదు."

సాంచాల మోతలో ఇరవై ఏళ్లు మాట్లాడిన గొంతు అతనిది. వీధి చివరికి వినిపిస్తుంది.

శుక్రవారం చేసిన పని అతను ఇంట్లో చెప్పలేదు. శుక్రవారం కార్ఖానాలకు కరెంటు ఉండదు. ఆ రోజు సాంచాలకు నూనె పెట్టి ఇంటికి వచ్చాడు. వయొలిన్ పెట్టె తెరిచి చూస్తే, తీగల మీద లాగే కమాను వెంట్రుకల నిండా తెల్ల పొడి. కార్ఖానాలో దూది నూగు ఇట్లాగే పడుతుంది. తుడవకపోతే సాంచా ఆగుతుంది. అతను గుడ్డతో తుడిచి, సీసాలో మిగిలిన మిషను నూనె వెంట్రుకల పొడవునా రాశాడు. శనివారం చేతులకు విశ్రాంతి ఇమ్మని సార్ చెప్పడంతో మల్లిక పెట్టె తెరవలేదు.

టెంఘర్‌లోని సమాజ్ హాలులో అతను వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ముందు వరుసలో లక్ష్మీనర్సయ్య సేట్ ఉన్నాడు. సమాజ్ అధ్యక్షుడు, నర్సింహులు పనిచేసే కార్ఖానా యజమాని. ఆయన కూతురు శ్రద్ధ, మల్లిక పక్క కుర్చీలో వయొలిన్ పట్టుకుని ఉంది.

దత్తాత్రి సార్ వేలు ఎత్తాడు. మల్లిక కమాను లాగింది. తీగ పలకలేదు. మళ్లీ లాగింది. కమాను జారిపోయింది.

సార్ కమాను తీసుకుని వాసన చూశాడు. "నూనె. పొడి పట్టి ఉంటెనే గద తీగ పలికేది. ఎవరు రాసిండ్రు?"

కార్ఖానాలో బట్టకు నూనె డాగు పడితే సేట్ కూడా ఇట్లాగే అడుగుతాడు. పనివాళ్లందరిదీ ఒకటే జవాబు: నేను కాదు సేట్. పోయినేడు నర్సింహులు ఆ మాటతో ఆగలేదు. పక్క సాంచా రాజయ్య వైపు వేలు చూపాడు. రాజయ్య పని పోయింది.

మల్లిక వెనక బెంచీ వైపు చూసింది. కొంతసేపు చూసింది. తర్వాత చెయ్యెత్తింది.

"నేనే సార్."

"గిందుకే చెప్పిన దత్తాత్రీ," అన్నాడు సేట్. "సాంచాలు నడిపేటోళ్ల ఇండ్లకు వాయిద్యాలు పంపకుర్రి అని. మా శ్రద్ధ ఎత్తుకుంటది పాట."

"నకో పప్పా, వద్దు. అది మల్లికది," అంది శ్రద్ధ.

"నిన్ను అడగలే."

"ఒప్పుకున్నది గద సేట్," అన్నాడు సార్.

"వాయిద్యం సమాజ్‌ది. అల్మారల పెట్టుర్రి."

సార్ వయొలిన్ అల్మారాలో పెట్టాడు. సేట్ తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు. నర్సింహులు తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో సంగతి విని ఆగమ్మ కిటికీలో ఉన్న ఖాళీ సీసా వైపు చూసింది.

"నువ్వేనా?"

అతను తల ఊపాడు.

"మరి ఆడ నోరెందుకు లేవలే? గల్లీ అంత వినేటట్టు మాట్లాడుతవు గద."

"సేట్ ఉండె."

"సేట్ ఉండె. బిడ్డ లేకుండెనా?"

అతను మల్లిక వైపు తిరిగాడు. "నువ్వెందుకు నేనే అన్నవ్?"

"సార్ దగ్గర ఒక కాయదా ఉంది బాపూ. తప్పు వాయించినోళ్లు ఎవ్వరు అడగకముందే చెయ్యెత్తాలె. ఎవ్వరు నవ్వరు. సార్ 'మొదట్నించి' అంటడు, అందరం మళ్ల మొదలువెడ్తం. మొదట్ల నాకు చెయ్యి లేవకపోతుండె, ఏడుపొస్తుండె. ఇప్పుడు రాదు." ఆమె పెట్టె లేని భుజం తడుముకుంది. "నువ్వు ఎత్తుతవేమో అని జర సేపు చూసిన."

ఆగమ్మ పెట్టిన అన్నం అతను తినలేదు. గడపలో కూర్చున్నాడు. నాలుగింటికి లేచి "పా బిడ్డా" అన్నాడు.

హాలు నిండింది. పిల్లలు స్టేజీ మీద తీగలు సరిచూసుకుంటున్నారు. నర్సింహులు కుర్చీల మధ్య నిలబడి చెయ్యెత్తాడు. గోళ్లలో నూనె నలుపు.

"ఏంది నర్సింహులు, నీళ్లు కావాల్నా?" అన్నాడు సేట్. కొందరు నవ్వారు.

"నూనె రాసింది నేను సేట్." ఆ గొంతుకు మైకు అక్కరలేకపోయింది. "దూది నూగనుకున్న. పొద్దున గా బెంచీ మీదనే ఉన్న, నోరు లేవలే. నా బిడ్డది తప్పు లేదు. పోయినేడు డాగు గూడ రాజయ్యది కాదు. నాదే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. స్టేజీ మీద శ్రద్ధ లేచి మల్లిక కుర్చీని తన పక్కకు జరిపింది. సేట్ కూతురి వైపు చూశాడు. జేబులోంచి తాళం చెవి తీసి దత్తాత్రి సార్‌కు ఇచ్చాడు.

"రాజయ్య సంగతి రేపు మాట్లాడుదాం," అన్నాడు నర్సింహులుతో.

సార్ వయొలిన్ తెచ్చి, దానితోపాటు తన కమాను మల్లికకు ఇచ్చాడు. నర్సింహులు ఇంకా చెయ్యెత్తే నిలబడ్డాడు. కళ్ల నీళ్లు చొక్కా మీద పడుతున్నాయి. స్టేజీ వైపు పోతూ మల్లిక అతని పక్కన ఆగింది.

"చెయ్యి దించు బాపూ. సార్ చూసిండు."

దత్తాత్రి సార్ వేలు ఎత్తాడు.

"మొదట్నించి," అన్నాడు.