సంతకం పెట్టేదాకా బతకాలి

రొయ్యల ట్రే ఫట్‌మని పగులుతుంది!

ప్రాసిత్ తలకి తగలాల్సిన తూటా... జానెడు తేడాలో తప్పిపోయింది.

"వంగండి!"

వంగడానికి ప్రాసిత్‌కి పొట్ట అడ్డం. అతని రొయ్యల షెడ్డులో పనిచేసే సాండాయే మెడ పట్టుకుని కిందికి నొక్కుతుంది.

మహాచై రేవు బజారు. పట్టపగలే చీకటి చేసిన వాన. బుట్టలు వదిలేసి జనం తలో దిక్కుకీ పరుగు తీస్తున్నారు.

వెనక తురా. చేతిలో నాటు తుపాకీ.

తురా ప్రాసిత్ పడవలో పనివాడు. మొన్నీమధ్యే వాడి తమ్ముడు సముద్రంలో పడిపోయాడు. వల నిండుగా ఉందని ప్రాసిత్ పడవ వెనక్కి తిప్పనివ్వలేదు.

తురా కోపం న్యాయమే. అది సాండాకీ తెలుసు. బర్మా నుంచి వలస వచ్చిన ఇద్దరిదీ ఒకే ఊరు.

కానీ ఈరోజు కాదు!

ఈ సాయంత్రంతో ఆమె పని పర్మిట్ గడువు అయిపోతుంది. ఆ కార్డు మీద ఆమె పేరు కింద యజమానిగా ప్రాసిత్ పేరు ఉంటుంది. అతను సంతకం పెడితేనే పొడిగింపు. ఇంకో చోట చేరాలన్నా అతనే వదలాలి. లేదంటే... పోలీసు వ్యాను, లాకప్, సరిహద్దు. అవతల బర్మాలో యుద్ధం.

పర్మిట్ ఆఫీసుకి రమ్మని రెండు వారాలుగా బతిమాలుతోంది. రేపన్నాడు. ఎల్లుండన్నాడు. చివరికి ఈరోజు కారెక్కించబోతే... ఇది!

"తప్పుకో చెల్లీ!" తురా అరుస్తున్నాడు.

"రేపు చంపన్నా! రేపు నేనే కారు తలుపు తీసి పట్టుకుంటా! ఈ ఒక్కరోజు వదిలెయ్!"

"రేపు వీడు ఊళ్లో ఉంటాడా?"

మళ్లీ పేలుతుంది! తలమీద రేకుకి చిల్లు!

పరుగు... చేపల నీళ్లలో జారుతూ, లేస్తూ. ఎదురుగా ఐసు గిడ్డంగి. ఇద్దరూ లోపల పడతారు. సాండా గడియ వేస్తుంది.

వేరే దారి లేదు. చుట్టూ ఐసు దిమ్మలు.

ప్రాసిత్ మెడలో తాయెత్తు కళ్లకద్దుకుంటాడు. "ఇది ఉండగా నాకు తూటా తగలదు."

"మరి నా వెనక నక్కడం దేనికి?"

వాదనకి టైం లేదు. ఆమె కవర్లోంచి కాగితం, పెన్ను తీస్తుంది. చెంపల మీది చందనం వానకి కరిగి కాగితం మీద చుక్కలుగా పడుతోంది.

"ఇక్కడ పెట్టండి. నేను పరిగెత్తుకెళ్లి ఇచ్చేస్తా. ఆఫీసు కౌంటర్ దగ్గర మన షెడ్డు ప్యూ అక్క కాచుకుని ఉంది."

ప్రాసిత్ పెన్ను అందుకుంటాడు. కాగితం మీద ఆనిస్తాడు.

ఆగుతాడు.

నవ్వుతాడు!

"పెట్టాక?"

"పెట్టాక ఏంటి?"

"పెట్టాక నా ముందు ఎవరు నిలబడతారే పిల్లా?"

పెన్ను తన జేబులో పెట్టేసుకుంటాడు. "పోలీసులు రానీ. అప్పుడు చూద్దాం."

"అప్పటికి ఆఫీసు మూసేస్తారు!"

"రేపుంది కదా."

సాండాకి ఏడుపు రావడం లేదు. ఈ మనిషిని చేతులారా పీక నొక్కేయాలని ఉంది. కానీ నొక్కకూడదు. కాపాడాలి!

ధడేల్! గడియ ఊడిపోతుంది.

గుమ్మంలో తురా.

సాండా రెండు చేతులూ బార్లా చాపి అడ్డం నిలబడుతుంది.

అప్పుడే ఆమె మెడలో ప్లాస్టిక్ సంచీలో వేలాడుతున్న ఫోను మోగుతుంది.

"అన్నా... కౌంటర్ నుంచి. ఒక్క నిమిషం!"

తురా పళ్లు కొరుకుతాడు. తుపాకీ మాత్రం దించడు. ఆమె స్పీకర్ నొక్కి, వెంటనే చెయ్యి మళ్లీ చాపుతుంది.

"ఎక్కడ చచ్చావే? కౌంటర్ మూసేస్తున్నారు!" ప్యూ అక్క గొంతు.

"సంతకం పెట్టడంట అక్కా!"

"బజార్లో కాల్పులంటున్నారు. వాడు బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు. నా వెనకే."

"అయ్యో!"

"అయ్యో ఏంటి?"

"ఇప్పుడే ఆఫీసరమ్మని అడిగానే. యజమాని పోతే కార్డు కూడా పోతుందా అని. నవ్వింది! పోతే కొత్త యజమాని దగ్గర చేరొచ్చట. అందుకు గడువు కూడా ఇస్తారట. ఎవరి సంతకం అక్కర్లేదట. బతికుండి పెట్టకపోతేనే చిక్కట!"

రేకుల మీద వాన హోరు.

యజమాని పోతే కార్డు పోతుంది... షెడ్డులో అందరూ అదే నమ్మారు. ఎవరూ అడగలేదు. ఆ ఆఫీసు మెట్లెక్కాలంటేనే వణుకు. ప్రాసిత్‌కి జ్వరమొస్తే వంతులేసుకుని గంజి కాచారు. ఇతను చల్లగా ఉండాలని పగోడాలో దీపాలు పెట్టారు.

తమ్ముణ్ణి ముంచిన ఈ మనిషికి తురా కూడా దీపం పెట్టాడు!

"ఏంటి? ఏమంటోంది?" ప్రాసిత్ అడుగుతాడు. బర్మా మాటలు అతనికి ముక్కలు ముక్కలుగానే తెలుసు. 'చావు' తెలుసు. 'సంతకం అక్కర్లేదు' తెలుసు.

జేబులోంచి పెన్ను లాగుతాడు.

"ఇటివ్వు! కాగితం ఇటివ్వు! పెడతా... ఇప్పుడే పెడతా!"

ఆమె చేతిలోంచి లాక్కుంటాడు. తొడ మీద పెట్టి గీకుతాడు. పెన్ను రాయడం లేదు! విదిలిస్తాడు. మళ్లీ గీకుతాడు. తడిసిన కాగితం చిరుగుతోంది.

"చెల్లీ," తురా మెల్లగా అంటాడు. "ఇందాకట్నుంచీ చాపే ఉన్నావు. చేతులు నొప్పెట్టడం లేదూ?"

సాండా వెనక్కి తిరగదు.

"నొప్పెడుతున్నాయన్నా."

దించుతుంది.

ఢాం!