నమిలే మజ్జిగ

ఇంద్రేశంలో తెల్లవారుజామున కోళ్లు కూయడం మానేసి చాలా ఏళ్లయింది. పొలాలు ప్లాట్లయ్యాక ఆ పని కంపెనీ బస్సుల హారన్లు చూసుకుంటున్నాయి. వనజ మాత్రం హారన్ కన్నా ముందే లేచి, వంటింట్లో చిన్న కాటా ముందు నిలబడింది. నూరు గ్రాముల కీర, యాభై గ్రాముల టమాట. బంగారం తూచే కంసాలి కూడా అంత ఊపిరి బిగపట్టడు. నాలుగు గుడ్లు ఉడకబెట్టి, తెల్లసొన డబ్బాలో పెట్టి, పచ్చసొన పక్కకు తీసింది. నెలరోజులుగా ఆ పచ్చసొనలు గల్లీ కుక్కకు పోతున్నాయి. ఈ ఇంటి డైటు వల్ల ఇప్పటిదాకా నిగనిగలాడుతున్నది ఆ కుక్క ఒక్కటే.

డైటు వనజ భర్త నర్సింహది. పటాన్‌చెరు దగ్గర ఇనుప సామాను తయారుచేసే ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా క్రేన్ ఆపరేటరు. నలభై అడుగుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని, టన్నుల ఇనుమును పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, పడుకోబెట్టినట్టు దించుతాడు. నెల కిందట రక్తపరీక్షలో షుగర్ బయటపడింది. కంపెనీ డాక్టరు ఒక మాత్ర రాసి, తిండి గురించిన కాగితం చేతిలో పెట్టి, "నెలన్నరకు మళ్లీ చూస్తాను. తగ్గకపోతే పైకి ఎక్కనివ్వను" అన్నాడు. ఎక్కకపోతే స్టోర్ రూంలో బోల్టులు సర్దాలి. ఆ మాట విన్ననాటి నుంచి నర్సింహకు నిద్ర సరిగ్గా లేదు.

ఆ రోజు నుంచే అన్నం బంద్. డిగ్రీ చదువుతున్న కూతురు తనుశ్రీ ఫోన్లో ఎవరెవరి వీడియోలో చూసి చార్టు రాసింది. వనజ దాన్ని ఫ్రిజ్ తలుపుకు అతికించింది. డాక్టరు కాగితం ఆ చార్టు వెనక్కి పోయింది.

"ఇంకో గుడ్డు పెట్టాల్నా?" పొద్దున కంచం ముందు వనజ అడిగింది.

"వద్దొద్దు. సాలు" అని నర్సింహ లేచి చెయ్యి కడుక్కున్నాడు.

కానీ కడుపు నిండిన మనిషి అలా తిరగడు. డ్యూటీ దిగి మూడింటికి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి గేటు దాకా పోతాడు, వస్తాడు. మేడెక్కుతాడు, దిగుతాడు. టీవీలో వంటల కార్యక్రమం వస్తే వార్తల కన్నా శ్రద్ధగా చూస్తాడు. ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడిపోతాడు.

"ఏంది డాడీ, లోపల సినిమా నడుస్తుందా?" అంది తనుశ్రీ.

"ఉక్కగుంది. గాలికి నిలబడ్డ."

"జనవరిల ఉక్కేంది?"

నర్సింహ తలుపు విసురుగా వేసేసరికి పైన పెట్టిన స్టీలు గిన్నె కింద పడి దొర్లింది. ఇల్లంతా అలాగే ఉంది, ఏది ముట్టుకున్నా చప్పుడు. అతని తల్లి కౌసల్యమ్మ మాత్రం వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తూ కొడుకు వైపే చూస్తుంది.

నెల నిండాక ఓపిక పట్టలేక, వనజ భర్తను ల్యాబుకు తీసుకుపోయి పరీక్ష చేయించింది. షుగర్ తగ్గలేదు సరికదా, పైకి పోయింది. నర్సింహ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వనజకు తల తిరిగిపోయింది. అన్నం మానిన మనిషికి షుగర్ ఎలా పెరిగింది? ఇంటికొచ్చి బియ్యం డబ్బా మూత తీసి చూసింది. తినేవాళ్లు ఒకరు తగ్గారు, బియ్యం తగ్గే వేగం మాత్రం తగ్గలేదు.

మర్నాడు మూడున్నరకు, బట్టలు తీసే వంకతో పెరట్లోకి వెళ్లింది. బోరు మోటారు పక్కన నర్సింహ గోడవైపు తిరిగి నిలబడి పెద్ద స్టీలు గ్లాసుతో మజ్జిగ తాగుతున్నాడు. కౌసల్యమ్మ కాపలా ఉన్నట్టు ఎదురుగా నిలబడింది. నర్సింహ ఒక గుక్క తాగాడు. తర్వాత నమిలాడు.

"మజ్జిగను నములుతున్నవేందయ్యా?" అంది వనజ.

నర్సింహ దవడలు అక్కడే ఆగిపోయాయి. వనజ గ్లాసు తీసుకుని వంచి చూసింది. అడుగున సగం దాకా మెత్తటి అన్నం.

"ఎన్ని రోజుల సంది?"

"నేనే ఇచ్చిన" కౌసల్యమ్మ ముందుకొచ్చింది. "నేనే ఇస్త. కన్న కొడుకు ఆకలికి బోనుల పిల్లి లెక్క తిరుగుతుంటే సూసుకుంట కూసోవాల్నా? కీరకాయ ముక్కలు తిని ఇనుము లేపుతడా మనిషి?"

"అత్తమ్మా, నువ్వు పోసింది మజ్జిగ గాదు. ఆయన్ను క్రేన్ మీదికెళ్లి దించుతున్నవు. పదిహేను రోజులే ఉంది."

"నువ్వు కడుపు ఎండబెట్టి సంపుతున్నవు!"

"నేనా? రోజూ ఎదురుంగ కూసోని అడుగుతున్న. ఇంకో గుడ్డు పెట్టాల్నా, ఇంకింత కూర ఎయ్యాల్నా అని." భర్త వైపు తిరిగింది. "రోజూ సాలంటివి గదయ్యా! నాతోటి సాలని, అమ్మ దగ్గర తాగుడేంది? నేనేమన్న పరాయిదాన్నా?"

"అమ్మను గూడ నేనడగలే. ఆమెనే తెచ్చిచ్చింది" అన్నాడు నర్సింహ. తర్వాత మోటారు గద్దె మీద కూలబడ్డాడు. ఎవరివైపూ చూడకుండా చెప్పాడు.

"నాకు అడగనీకి నోరు రాదు వనజా. మా చిన్నతనంల రెండేండ్లు పంట ఎండింది. అమ్మ అందరికీ పెట్టి ఆఖరికి తినేది. ఒకనాడు నేను ఇంకో రొట్టె అడిగిన. అమ్మ పెట్టింది. రాత్రి బాపు నన్ను బయటికి తీస్కపోయిండు. 'అది అమ్మ రొట్టెరా' అన్నడు. 'మనకు ఎంత ఆకలున్నా, రెండోసారి అడిగితే సాలు అనాలె. అప్పుడే ఆమె తింటది' అన్నడు. బాపు గూడ గట్లనే అనేటోడు. ఇగ నాకు అదే అలవాటు."

కౌసల్యమ్మ చేతిలోని గ్లాసు మూత జారి రాళ్ల మీద పడింది.

"మీ బాపు గూడనా?" అంది.

నర్సింహ తలూపాడు.

ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. "మా మొగోళ్లకు తిండి యావ లేదని ఊరంత చెప్పుకున్న కొడుకా. మీ బాపుది సిట్టి కడుపని నవ్విన. నలభై ఏండ్లు వండి పెట్టిన, మనిషి ఆకలి తెల్వలే నాకు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కనాడన్న నేను మూడోసారి అడిగితే అయిపోయేది."

వనజకు ఇందాకటి కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్త పక్కనే చతికిలబడి ఆమె చెయ్యి పట్టుకుంది. తానూ నెలరోజులుగా పూటకు రెండుసార్లే అడిగింది.

ఆ సాయంత్రం చార్టు పీకి, వెనకాల నుంచి డాక్టరు కాగితం తీసి మొదటి నుంచీ చదివింది. అన్నం తగ్గించమని మొదటి లైను. అంతవరకే తను చదివి భయపడింది. దాని కింద కంచంలో సగం ఆకుకూరలు, కూరగాయలు ఉండాలని, ప్రతి పూటా పప్పో గుడ్డో చికెనో గట్టిగా తినాలని రాసి ఉంది. పచ్చసొన పారేయమని ఎక్కడా లేదు. అన్నం తగ్గించమన్నాడు గానీ తిండి తగ్గించమనలేదు.

మరుసటి రోజు నుంచి గల్లీ కుక్క నసీబు మారిపోయింది. కౌసల్యమ్మ వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. "నాట్లకు పోయినప్పుడు గుగ్గిళ్లు తింటే పొద్దుగూకేదాకా ఆకలి కాకపోయేది" అంటూ బొబ్బర్లు నానబెట్టించింది. వనజ కాగితంలోని కొలత దాటకుండా గుగ్గిళ్లు చేసి, పాలకూరలో పల్లీల పొడి దట్టించి, సొరకాయ చికెన్ వండింది. కాటా అటక ఎక్కింది. ముగ్గురు ఆడవాళ్లూ నర్సింహతో పాటే కూర్చుని తినాలన్నది కొత్త రూలు. మొదటి రోజు అతను "సాలు" అనబోయి ఆగి, కొత్త ఊళ్లో దారి అడిగినంత మొహమాటంగా, "జెర పాలకూర ఎయ్యి" అన్నాడు. తనుశ్రీ చప్పట్లు కొట్టబోతే వనజ కన్నెర్ర చేసింది.

గేటు దాకా నడకలు తగ్గాయి. ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడటమూ తగ్గింది. కంపెనీ డాక్టరు మళ్లీ పరీక్ష చేసే రోజు రానే వచ్చింది. పదకొండింటికి ఫోన్ మోగగానే వనజ గరిటె పక్కన పడేసింది. స్పీకర్ ఆన్ చేసింది.

"తగ్గింది వనజా. ఇట్లనే తినమన్నడు, మూడు నెలలకు మళ్ల సూస్తడట. పైకి ఎక్కుతున్న."

వనజ కళ్లు నిండాయి. కౌసల్యమ్మ ఫోన్ లాక్కుంది.

"కొడుకా, పొద్దుగాల తిన్నది కడుపు నిండిందా?"

అటువైపు ఇనుము మోగే చప్పుడు. దాని మధ్య నుంచి అతని గొంతు వినిపించింది.

"లేదమ్మా. కొద్దిగ తక్కువైంది."

ముసలావిడ ముఖం నవ్వుకు, ఏడుపుకు మధ్య ఎటూ పోలేక అల్లాడింది. ఫోన్ కోడలి చేతిలో పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వంటింట్లోకి నడిచింది. రేపటి పాలకూర ఇప్పుడే కడగడం మొదలుపెట్టింది, ఒక కట్ట ఎక్కువే.